ఒక వెంట్రుక వెనక

పాత ఇనుము కొట్టువాడు కాటాలో వేసి
ఆరొందలన్నాడు.
ప్లాస్టిక్ గిటారు. తీగల్లేవు.
మెడ మీద అయిదు బొత్తాలు,
పసుపుది నొక్కితే లేచేది కాదు.
బాల్‌పెన్ను స్ప్రింగు కోసి కింద పెట్టాను.
ఇప్పుడు లేస్తుంది, కాస్త బద్ధకంగా,
సెలవు రోజు నాలాగే.

జ్ఞానాపురంలో మేడ మీద ఒక గది నాది.
పగలు హార్బరు దగ్గర రొయ్యల కంపెనీలో
బెల్టు ముందు నిలబడతాను.
పెద్దది ఎడమకి, చిన్నది కుడికి,
తల ఊడింది నీలం ట్రేలోకి.
రాత్రి తెర మీద ఇంకో బెల్టు.
ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, నీలం, నారింజ
చుక్కలు నా మీదకి జారుకుంటూ వస్తాయి.
చేతులకి తేడా తెలియదు.
ముక్కుకి తెలుసు.

ఆట అమ్మినవాళ్ళు ఇవ్వని పాటలు
మాలాంటి వాళ్ళం మేమే కట్టుకుంటాం.
నేను పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందు
ఏదో చలి ఊళ్ళో
ఒకామె గుండె చించుకుని పాడింది.
ఆ నాలుగు నిమిషాల్నీ బెండకాయలా తరిగి
ఏ ముక్కకి ఏ రంగో, ఏ వేలో
కూర్చుని రాస్తాను.
డబ్బుల్లేవు దీనికి.
ఒక్క పాటకి పదకొండు రాత్రులు.

ఆమె మాటలు సగం నాకర్థం కావు.
"బేబీ" అన్నది మాత్రం తెలుస్తుంది.
ఆ ఒక్క మాటనే
బతిమాలుతూ ఒకసారి, తిడుతూ ఒకసారి,
చివర్లో వంటింట్లోంచి పిలిచినట్టు ఒకసారి.
మూడోదానికి నారింజ పెట్టాను.
చిటికెన వేలు సాగాలి.
సాగనీ. అక్కడ కొంచెం నొప్పెట్టాలి.

చిక్కంతా డ్రమ్ముల వరసతో వచ్చింది.
గీతల మీద కూర్చోడు వాడు.
ప్రతి దెబ్బా గీత దాటాక,
ఒక వెంట్రుక వెనక.
పాత రికార్డు కదా, సాగిపోయిందనుకున్నాను.
తాగి వాయించాడేమో అనుకున్నాను.
మూడు రాత్రులు
ఒక్కో దెబ్బనీ చెవి పట్టుకుని గీత మీదకి ఈడ్చాను.
ఎనిమిది వందల నలభై.
ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లల్లా నిలబడ్డాయి.
నా టక్కు టక్కు ఒక దారి, పాట ఒక దారి.

కింద వాటాలో బర్నబాసు గారు.
లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్ళు.
ఆ చప్పుడుకి ఎడమ చెవి పోయింది, కుడిది పోతోంది.
ఒకప్పుడు శనివారం రాత్రుళ్ళు
రైల్వే వాళ్ళ డాన్సు హాల్లో డ్రమ్ములు వాయించేవాడట.
నీళ్ళ మోటారు గురించి పోట్లాడ్డానికి మేడెక్కి
గుమ్మంలో ఆగిపోయాడు.
స్పీకరు మీద అరచెయ్యి ఆన్చాడు,
పిల్లాడి జ్వరం చూసినట్టు.
"ఏటమ్మా, ఈణ్ణి ఇలగ కట్టీసేవు?"

అసలుది పెట్టాను.
కళ్ళు మూసుకున్నాడు.
"సూడు. ఎల్లిపోదారి అంటాది పాట.
ఉండవే, ఎల్దుంలే అంటన్నాడు ఈడు.
ఆలీసం కాదమ్మా అది.
ఆవిడ ఊపిరి తీసుకోడానికి సోటిస్తన్నాడు."

అప్పుడే ఖనిజం బండి పోర్టు వైపు వెళ్ళింది,
వ్యాగన్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ.
అతనికి వినపడలేదు.
కాలి బొటనవేలు మాత్రం లెక్క పెడుతూనే ఉంది.

మళ్ళీ మూడు రాత్రులు.
ఒక్కోదాన్నీ గీత మీంచి దింపి
దాని చోటికి తీసుకెళ్ళి దిగబెట్టాను.
కొన్నిటికి ఎంత వెనకో తెలియలేదు.
మెట్లు దిగి తలుపు కొట్టాను.
బల్ల మీద చెంచాతో చూపించాడు.
టీ చల్లారిపోయింది.

అయ్యాక గిటారు ముందు అతని చేతికే ఇచ్చాను.
నీలమేదో ఆకుపచ్చేదో కళ్ళకి అందలేదు.
రెండో చరణం దాటకుండానే
ఆట అతన్ని బయటికి నెట్టేసింది,
ఎర్ర అక్షరాలతో, ఎక్కడో జనం వెక్కిరించే చప్పుడుతో.
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"నానెప్పుడూ సూసి వాయించలేదమ్మా."
మోటారు సంగతి మాత్రం మర్చిపోలేదు.

పొద్దున్న బెల్టు ముందు
వచ్చిన రొయ్యని వచ్చినట్టే తియ్యకుండా
కాస్త ఆగి తీశాను.
సూపర్‌వైజరు చూశాడు, ఏమీ అనలేదు.
పక్కన నూకాలు
గ్లౌజు మోచేత్తో పొడిచింది.
"ఏటే, పాడతన్నావా?"