తరుగు

మట్టల ఆదివారం
మేం కొమ్మలు పట్టుకొని దేశాయిపేట గల్లీల నడుస్తుంటె
ఎదురుంగ ఓపెన్ జీపు మీద ఆయన వచ్చిండు.
ఏ ఊరేగింపు ఎవరిదో పిల్లగాండ్లకు తెల్వలే,
ఇద్దరికీ జై కొట్టిండ్రు.
మిర్చి ధరకు నేను జామీను, అన్నడు మైకుల.
కొమ్మలూపినం.
మేం పెద్దోళ్లం గూడ.

శుక్రవారం సెలవే.
సరుకు గుట్టలు పడ్డదని ఎనుమాముల యార్డు తెరిచిండ్రు.
జెండా పాట ఘనంగ పలికింది,
ఒక్క రాశికి.
పేపరోళ్లు ఆ రాశినే ఫోటో దీసుకొని పోయిండ్రు.
మిగిలిన తేజ, చపాటా, తాలు,
అన్నీ సగం ధరకు తల వంచుకొని కూసున్నయి.

నేను దడ్వాయిని. పేరు యిర్మీయా, పిలిచేది ఇర్మయ్య.
ఇరవై ఆరేండ్లాయె,
కాంటా ముల్లు నిద్రల గూడ ఊగుతది.
తరుగు తీయరాదని సర్కారు గోడ మీద రాయించింది.
ఆ గోడ నీడకే కూసొని బస్తాకు కిలో తీస్తం.
తేమ అంటం. సంచి బరువంటం.
ఇంకా అడిగితె, పైనుంచి అంటం.
పైన అంటె ఎంత పైనో నాకు ఎవ్వలు చెప్పలే.
నేను అడగలే.

పదకొండున్నరకు ఇంటికొచ్చి తెల్లంగి తొడుక్కున్న.
చేతులు మూడుసార్లు కడిగిన.
సబ్బు అరిగింది గానీ గోళ్ల సందుల ఎరుపు పోలే.
ఆనాడు జనం ముందట పళ్లెం తెప్పించుకొని కడుక్కున్న
ఆ దొరకు గూడ గిట్లనే ఉండెనేమో.
చెడ్డోడు గాదు. తప్పేం కనవడలేదనే అన్నడు.
అనుకుంటనే అప్పజెప్పిండు.
గిసొంటోళ్లనే గదా
వేలికి సిరా పెట్టిచ్చుకొని మనం పంపేది.

చర్చిల ముందు వరుస ఆయనకే ఉంచిండ్రు,
ప్రహరీ గోడకు ఇటుకలిచ్చిండని.
బూట్లు విప్పలే.
మూడో మాట అయిపోయింది.
సువర్ణరాజు అయ్యగారు నాలుగో మాటకు నోరు తెరిచిండు,
దగ్గొచ్చింది.

యార్డు దిక్కు కిటికీలకెల్లి ఘాటు.
గుగులోతు హరిచందు తన రాశికి
తానే అగ్గి పెట్టుకున్నడట.

ముసలమ్మలు దగ్గిండ్రు, కాపలా పోలీసులు దగ్గిండ్రు,
పాటలు పాడే పిల్లలు కొంగులు అడ్డం పెట్టుకున్నరు.
అందరి కండ్లల్ల నీళ్లు.
ఎవరిది సిలువ కోసమో, ఎవరిది మిరప కోసమో
ఆ పైవానికే ఎరుక.
ముందు వరుసాయన కండ్లు తుడుచుకుంటుంటె
వెంట వచ్చిన పిలగాడు వీడియో దీసిండు.

కిటికీలు మూయుండ్రి, అన్నరెవరో.
అయ్యగారు రొప్పుకుంట అన్నడు:
మూయకుండ్రి.
ఆయన దూప అన్ననాడు చిరక అందిచ్చిండ్రు.
మనం ఇంత ఘాటు పీలుస్తె ఏం పోతది.

ఏడో మాట దాకా నేను ఉండలే.

యార్డు గేటు కాడ చెప్పులు చెప్పులుగ పడి ఉన్నయి,
లాఠీలు లేసినట్టున్నయి.
హరిచందు వ్యాను మెట్టు మీద కూసున్నడు, ఒక చెవి ఎర్రగ.
పోయిన నెల ఆయనయి నలభై బస్తాలు నేనే తూచిన.
నలభై కిలోలు.
ఈ నలభై దినాలు
నేను కోడికూర ముట్టలే, నీసు ముట్టలే.
దేవుని ముందట అదొక లెక్క రాసుకున్న.

అన్నా, నీ దాంట్ల తరుగు తీసింది నేనే, అన్న.
నా దిక్కు జూడలే.
మంటల నల్లబడ్డ కాయొకటి చేతుల తిప్పుకుంట
ఇప్పుడు చెప్తె
అది ఎన్ని కిలోలు తూగుతదే, అన్నడు.

వ్యాను పోయింది.
నా కాంటా మీద సన్నగ బూడిద పడ్డది.
ముల్లు కదలలే.

సోమవారం మళ్ల తెరుస్తరు.
గోడ మీద రాత అట్లనే ఉంటది.
మొదటి బస్తా ఎక్కంగనె
నేను ముల్లు దిక్కు జూస్త.
ముల్లు నా దిక్కు జూస్తది.