కడిగితేగానీ తెలియదు

తప్పు నాదే.
కొత్తపట్నం ఒడ్డున ముప్పై ఆరూ కొట్టేసి
రీలు వెనక్కి చుట్టేటప్పుడు తోక బయటికి వదిలేశాను.
గుర్తు పెట్టలేదు. జేబులో వేసుకున్నాను.
మూడు వారాలకి, చీమకుర్తిలో,
కొత్తదనుకొని దాన్నే మళ్ళీ ఎక్కించాను.

ఏడొందల యాభై రూపాయల రీలు.
మద్రాసు నుంచి పోస్టులో రావాలి.
వచ్చిందాకా ఉత్త కళ్ళతోనే తీసుకుంటూ తిరగాలి.
అందుకే ఒక్కో బొమ్మకీ ఊపిరి బిగబట్టి
వెలుగు లెక్కగట్టి
"కదలొద్దు మాలకొండయ్యా!" అని అరుస్తాను.

ఆయనెక్కడ కదులుతాడు?
గోతి అడుగున, డ్రిల్లింగు మిషనుకి ఆనుకొని,
కనుబొమల మీదా చెవుల వెనకా
ఆరిపోయిన బీడీ చివరా
తెల్లటి రాతిపిండి.
వెనక గోడ మాత్రం అమాస నలుపు.
తడి తగిలితే అందులో బంగారు చుక్కలు లేస్తాయి,
ఓడలెక్కి పోయేది ఆ చుక్కల కోసమే.
"నన్ను తీసి ఏం జేసుకుంటావయ్యా సిలారూ" అన్నాడు.
టక్కుమంది.
ఏదీ చూపించు అని లారీ క్లీనరు కుర్రాడు వెనక్కి తిప్పి చూశాడు.
వెనక తెర లేదు. రేకు ఉంది.
పది రోజులాగు అంటే
నాకు పిచ్చని తేల్చేసి పోయాడు.

మా బాత్రూమే చీకటిగది.
వెంటిలేటరుకి గోనెపట్టా, తలుపు సందుకి తడి తువ్వాలు,
కూల్‌డ్రింకు సీసాలో డెవలపరు.
తాగొద్దని షంషాద్ దాని మీద పుర్రె బొమ్మ గీసి అంటించింది,
పుర్రె నవ్వుతున్నట్టు వచ్చింది.
తొమ్మిదిన్నర నిమిషాలు
డబ్బాని బోర్లించడం, నిలబెట్టడం,
పక్కింటి సీరియల్లో ఎవరో ఏడవడం.

కడిగి పైకెత్తి చూస్తే
పండగ నాటి ఆర్టీసీ బస్సులా
ప్రతి గడిలో ఇద్దరేసి.

గుండె జారింది. అయినా కాగితం వేశాను.
ఎర్రబల్బు కింద, ట్రేలో,
ముందు పడవ అంచు తేలింది.
తర్వాత డ్రిల్లు.
తర్వాత
గోతిలో సముద్రం.
నలుపున్న చోటల్లా అల వచ్చి కూర్చుంది.
రాతిగోడ నిలువునా నురగ.
పడవ ముక్కు మీద మాలకొండయ్య,
ఆయన మోచేతి పక్కనే నాగూరమ్మ,
వల చిక్కు తీస్తూ, నా వైపు విసుగ్గా.
వీళ్ళిద్దరూ ఒకరినొకరు ఎరగరు.

బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఆరేస్తే
షంషాద్ చూసి
"పాపం, చల్లబడ్డాడు" అంది.

మాలకొండయ్య చేతులు లుంగీకి తుడుచుకొని
అంచులు పట్టుకున్నాడు. చానాసేపు.
"గోడ మనదే. ఈ పగులు నాకు తెలుసు.
నీళ్ళు ఏడియి?"
తప్పయిందని చెప్పాను.
"ముప్పైయేళ్ళుగా దుమ్ము తింటన్నా.
ఒక పూట నీళ్ళలో నిలబడితే ఎవుడి సొమ్ము పోద్ది?"
మడత పడకుండా టిఫిను క్యారేజీ మూత కింద పెట్టుకొని,
కాసేపాగి,
"ఈయమ్మెవురు?"

కొత్తపట్నంలో నాగూరమ్మ ఎండుచేపలు తిరగేస్తంది.
చెయ్యి తడని ఫొటో పట్టుకోలా,
నన్నే ఎత్తి పట్టుకోమంది.
"మా పడవలోకి ఈ బూడిద మనిషిని ఎవురెక్కించార్రా?"
నవ్వింది. నవ్వు ఆపి మళ్ళీ దగ్గరికొచ్చి చూసింది.
"దగ్గుతాడా?"

ఫిల్ము మీద దగ్గు పడదు.
ఎట్లా కనిపెట్టిందో.
తలూపాను.

లోపలికి పోయి పేపరు పొట్లం తెచ్చింది.
నెత్తళ్ళు.
"ఇది ఆయనకియ్యి. బొమ్మ నాకాడ ఉండనీ."

ఒంగోల్లో బస్సు మారాలి.
వాసనకి కండక్టరు ముక్కు మూసుకొని టికెట్టు కొట్టాడు.
ఒళ్ళో పొట్లం, మెడలో కెమెరా.
దాంట్లో ఇంకా పదకొండున్నాయి.