ఎర్ర చుక్క

గుజరాతీ గల్లీ నుంచి వచ్చాడు జహీర్.
కిటికీ ఏసీ ముఖం ఊడదీసి
నాబ్ వెనక దారమంత రాగి గొట్టాన్ని
పేగు లాగినట్టు లాగాడు.
"పురానా మాల్ అమ్మా, ఇరవై రెండేండ్లు నడిచింది,
ఇంకేం కావాలె?"

నాబ్ మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి.
నాలుక్కీ ఐదుకీ మధ్య
నా గోళ్లరంగుతో పెట్టిన చుక్క మాత్రం ఉంది.
ఆ మే నెల గుర్తుందా?
నువ్వు దుప్పటి తన్నేసేవాడివి,
నేను రెండోది కప్పుకునేదాన్ని.
మూడు రాత్రుల పోట్లాట తర్వాత
ఇద్దరికీ కాస్త కాస్త ఇబ్బందిగా ఉండే చోట
పెట్టుకున్న సరిహద్దు రాయి అది.

ఇప్పుడు పచ్చగా వెలిగే అంకె, ఇరవై ఐదు.
ఒక్కసారి నొక్కితే ఇరవై నాలుగు.
మధ్యలో నిలబడే జాగా లేదు.
పాతది అర్ధరాత్రి టక్కున ఆగేది,
ఆ చప్పుడుకి నువ్వు నిద్రలోనే
పక్కకి ఒత్తిగిలేవాడివి.
ఇది చప్పుడు చెయ్యదు.

జహీర్ పాత సామాను సంచీలో వేసుకుంటుంటే
నాబ్ ఒక్కటీ అడిగి తీసుకున్నా.
రాగి నీదేలే, అన్నాను.

రాత్రి నువ్వు రిమోట్ కోసం తడుముకుంటున్నావు.
దిండు కింద నా వేళ్లకి
గుండ్రంగా ఏదో తగిలింది.
కొంచెం ఎడమకి తిప్పాను.