అడ్డపొగ

నరసన్నపేట. సాయంత్రం నాలుగూ ఇరవై.
బడి ఆటో దిగిన భువన్ చేతిలో
పొద్దున్న నేను సర్దిన బరువే.
మూత తీస్తాను.
ఆనపకాయ కూర కోసం
అన్నం మధ్యలో వేలితో నేను చేసిన గుంట
అలాగే ఉంది, అంచు కూడా చెదరకుండా.

"ఆకలెయ్యలేదమ్మా" అంటాడు,
అబద్ధమాడని గొంతుతో.
లెక్కలన్నీ చేశాడట.
కిటికీ వంక ఒక్కసారీ చూడలేదట.

శ్రీకాకుళంలో డాక్టరమ్మ
మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది:
రెండు నరాల కొసల మధ్య సన్నటి సందు,
అందులోకి జారే డోపమైన్,
పనవగానే వెనక్కి తీసేసుకునే తూము.
మాత్ర ఆ తూము మూస్తుంది.
మడిలో నీళ్ళు నిలుస్తాయి,
పిల్లాడి చూపు నిలుస్తుంది.
దాంతోపాటే
మెదడు అడుగున, పలాస జీడిపప్పంత చోట,
కడుపు పంపిన కబురు
ఎవరూ విప్పని ఉత్తరంలా పడి ఉంటుంది.
ముద్ద ఇవ్వాల్సిన సంబరం
ముద్ద రాకముందే పంచేసి ఉంటుంది.

నాకు అర్థమైంది.
చీటీ మడిచి పర్సులో పెట్టుకున్నాను.
అత్తకి చెప్పడమే చేతకాలేదు.

"ఆకలి సంపుకోడానికి
డబ్బులెట్టి కొంతారేటే?"
అంది అసిరమ్మత్త.
చాలాసేపు ఇంకేం అనలేదు.
చుట్ట వెలిగించి
నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంది,
నేను కాపరానికొచ్చిన రోజు చూసి జడుసుకున్నట్టే.

"మాకూ ఉండీదిలే మందు.
ఉడుపులప్పుడు తెల్లారగట్ల చోడంబలి,
మల్లా రేతిరికే కూడు.
మజ్జాన్నం ఈ పొగే.
నోట్లోన నిప్పుంటే
కడుపులోన నిప్పు తెల్దు."

పొగాకు సంగతి నేను డాక్టరమ్మని అడగలేదు.
పళ్ళ క్యాంపుకి వచ్చిన చదువుకునే పిల్ల ఒకతె,
అత్త అంగిట్లో తెల్లబారిన మచ్చ మీద
టార్చి వేసి చూస్తూ అంది:
అదీ ఆ గదిలోకే పోతుందండీ, తలుపే వేరు.

రాత్రి తొమ్మిదిన్నర. మాత్ర దిగుతుంది.
"అమ్మా, ఏమన్నా ఉందా?"
కూర వేసేదాకా ఆగడు.
ఉత్తన్నం, దాని మీద చారు, మళ్ళీ అన్నం,
పెరుగు గిన్నె వేలితో నాకేసి
ఇంకేమైనా ఉందా అని మూతలు తీస్తాడు.
అత్త చుట్ట ఆర్పి
వాడి మోచేతి ఎముక వైపు చూస్తోంది.
"మాది దిగీయేలకి
కుండ కాళీగుండీది" అంటుంది,
నాతోనో, కుండతోనో.

మెడికల్ షాపు తూకం మీద
పోయిన నెల ఇరవై ఆరు కిలోలు.
ఈ నెలా అంతే.
మాత్రకి ముందే ఏదో ఒకటి తినిపించమన్నారు.
ఐదింటికే లేస్తాను. వాడికి నిద్ర చాలదు,
ఇడ్లీ నోట్లో పెట్టుకుని అలాగే తూలుతాడు.
మధ్యాహ్నానికి అన్నం కాస్త తగ్గించి సర్దుతాను.
గుంట మాత్రం
వేలితో అంతే లోతుగా చేస్తాను.