ల దగ్గర

సాల్మియాలో మధ్యాహ్నం రెండున్నరకి
మేడం గది గడియ పడిన చప్పుడు విని
వంటింటి కిటికీ నాలుగు వేళ్లంత తెరుస్తాను.
నాలుగు గోడల మధ్య సన్నటి బావి అది.
నీళ్లుండవు, ఏసీ పెట్టెలు కార్చే చుక్కలు తప్ప.
నాది నాలుగో అంతస్తు.
మూడో అంతస్తులో ఒక గొంతు ఉండేది.

పేర్లు పెట్టి పిలుచుకోలేదు మేము.
పేరు గట్టిగా అంటే గోడలు మోసుకుపోతాయి.
"ఏమే రాయచోటీ, అంట్లయ్యాయా?" అనేది.
"ఇంకా మచ్‌బూస్ దబరా ఉండాది, రాజోలూ" అనేదాన్ని.

ఆట అట్లనే మొదలైంది.
రాయచోటికి చివర ట. ట తో ఊరు చెప్పు.
టెక్కలి, అన్నాది. తను చూడలేదంట,
వాళ్ల చిన్నమ్మనిచ్చిన ఊరంట.
ల నాకొచ్చింది. లక్కిరెడ్డిపల్లె,
నా ముక్కు కుట్టించిన ఊరు.
మళ్లీ ల. లావేరు.
ర. రైల్వే కోడూరు.
మళ్లీ ర. రామచంద్రపురం.
సున్నాతో ముగిస్తే మ అని ఒప్పుకున్నాం.
గుణింతం ఏదైనా సరే.
ఒకసారి అన్న ఊరు మళ్లీ అంటే ఓటమి.
ఓడినోళ్ల ఊరగాయ
దారం కట్టిన కవర్లో కిందికో పైకో పోవాల.

నెల తిరక్కముందే తెలిసిపోయింది,
మన ఊర్లకి ల పిచ్చి.
నంద్యాల చీరాల బాపట్ల మాచర్ల
కర్నూలు ఒంగోలు, ఇంక పల్లెలకి లెక్కే ల్యా.
ల తో ముగిసేవి కొల్లలు.
ల తో మొదలయ్యేవి ఒక చేతి వేళ్లు.

ఒకనాడు తను యానాం అంటే
నేను మంగాఫ్ అన్నా.
"అరబ్బూరు చెల్లదే!"
"వీళ్ల దొడ్లు కడగను చెల్లినాం గదా,
వీళ్ల ఊరు మనకి చెల్లదా?"
ఎంత నవ్విందో. కింద యా అంతస్తులోనో
కిటికీ దబ్బున మూసుకుంది.
నవ్వు ఆపి, "ఫహాహీల్" అంది.
"చూడవే, ఇక్కడా లాయే!"

మొకం చూడలేదు రెండేళ్లు.
గుడ్డ పిండే చెయ్యి చూసినా.
మణికట్టు మీద ఇస్త్రీపెట్టె మచ్చ,
గాజు ఉండాల్సిన చోట రబ్బరు బ్యాండు.

ఒక మంగళవారం నేను నంద్యాల వేసినా.
దాచిపెట్టుకున్నది, ఇంకెక్కడా తగలకుండా.
"ఆగవే, ఉంది, నోట్లోనే ఉంది..."
అంతలో ఆ ఇంటి గంట మోగింది.

మర్నాడు కిటికీ తెరుచుకోలేదు. ఆ మర్నాడూ.
ఐదోనాడు సామాన్లు దించుతా డ్రైవర్ బషీర్ చెప్పినాడు,
కింది ఇంటి సువార్తని
మేడం చెల్లెలింటికి జహ్రాకి పంపేసినారని.
"ఎవరు సువార్త?" అని అడిగినాను నేను.

ఇంకో వారానికి మూడో అంతస్తులో గిన్నెల చప్పుడు మారింది.
ఈ చెయ్యి గిన్నెల్ని నెమ్మదిగా బోర్లిస్తాది.
ఏందో సన్నగా పాడుకుంటాది, ఒక్క ముక్కా తెలీదు.

ఓర్చుకోలేక ఒకనాడు వంగి అన్నా,
"నంద్యాల."
పాట ఆగింది.
"నంద్యాల. ల. ల." వచ్చిన అరబ్బీ అంతా గోకి,
"ఇస్మ్ బలద్. నంద్యాల. అల్ హీన్ ఇంతీ."
ఊరి పేరమ్మా. ఇప్పుడు నీ వంతు.

ఏసీ చుక్కలు పదో పన్నెండో రాలినాయి.
మూసేద్దామని రెక్క మీద చెయ్యి వేసినాక
కిందినుంచి, ప్రశ్న మాదిరి,
"లాలిబెలా?"

అది ఊరా అంటే ఊరే.
"బలద్ మాల్ అనా" అన్నాది, నా ఊరు.
హబష దేశంలో యాడనో,
కొండ మీదంట, చలంట.
చలి అన్న మాటకి తన గొంతే ముడుచుకుంది.

ల తో మొదలై, చూడండి,
ల నే నాకు తిప్పి కొట్టింది.

లక్కిరెడ్డిపల్లె అయిపోయింది. లావేరు అయిపోయింది.
లేపాక్షి పోయిన రంజాన్‌లోనే వాడేసినా.
లింగంపల్లి రెండుసార్లని ఓడిపోయినా కూడా.
కవర్లో రెండు మామిడి ముక్కలు వేసి దించినా.
దారం చాలాసేపు కదల్లేదు,
తర్వాత బరువు తగ్గింది.

అయినా ఆట అయిపోలేదనే నా లెక్క.
మీకేమన్నా తెలిస్తే చెప్పండి, ల తో ఒక ఊరు.
చిన్నదైనా సరే, బస్సు ఆగకపోయినా సరే.
నాలుగింటికి మేడం లేస్తాది.