రబ్బరు ముక్క

జిల్లా ఆఫీసు నుంచి కాయిదమొచ్చింది,
తనిఖీకి ముందే పుస్తకాల్లోని రాతలన్నీ
చెరిపి పెట్టాలెనని.
మందమర్రి శాఖా గ్రంథాలయంలో
ఒక టేబులు ఫ్యాను, నాలుగు బీరువాలు, నేను.
కొట్టుకు పోయి ఐదు రూపాయల రబ్బరు తెచ్చుకున్న.

మొదలు చేతికొచ్చింది పెందూరు జైతుబాయి పుస్తకం.
ఉట్నూరు దిక్కు పిల్ల.
మేకల వెంట గుట్టలెక్కిన కాళ్లతోనే
మంచుకొండ కొనదాకా పోయి
రెండు కాలివేళ్లు అక్కడే విడిచి
తిరిగొచ్చి రాసుకున్న ముచ్చట.
అట్ట మూడుమాట్ల ఊడింది.
మూడుమాట్లా మైద ఉడికించి నేనే అంటించిన.

తొమ్మిదో పేజీ నుంచి ఎర్రసిరా.
రిటైరైన వడ్లకొండ సారు
ఒత్తులు దిద్దిండు, కామాలు పెట్టిండు,
ఒక అధ్యాయం కింద మార్కులు కూడా వేసిండు:
నూటికి అరవై రెండు.
రాత్రి గాలికి గుడారం చినిగిన కాడ మాత్రం
సిరా ఆగిపోయింది.
ముప్ఫై పేజీల దాకా ఒక్క తప్పు పట్టలే.
తప్పులు లేక కాదు, ఉన్నయి, నేను చూసిన.

సిరా ఎట్లాగూ రబ్బరుకు పోదు.

"అంత చలిల, అందరు మొగోళ్ల నడుమ
ఆ ఐదు దినాలు ఏం జేసినవ్ బిడ్డా?
అదెందుకు రాయలే?"
బీడీలు చుట్టే రాజవ్వ అడిగితే
చదివి వినిపించే కోడలు రాసిపెట్టిన ప్రశ్న.
కింద ఇంకో చేతిరాత: నాకూ అదే అనిపించింది.
దాని కింద ఇంకొకటి, మరీ సన్నగ: నాకు సుత.
ఒకరికొకరు ముఖపరిచయం లేనోళ్లు
ఒక అంచు మీద కూసున్నరు.
నా చెయ్యి ఊకెనే చెమట పట్టింది.
పేజీ తిప్పిన.

"సర్కారు పైసలతో కొండెక్కుడు ఏం గొప్ప?
మా వాడకు నల్లా రాలే ఇంకా."
"ముందు నువ్వు వాటర్ ట్యాంకు ఎక్కి సూపియ్యి."
ఇవి రెండూ చెరిపిన.
కోపం తొందరగనే పోయింది గాని
ఒత్తి రాసినరేమో, గాడి మిగిలింది.
వేలుతో తడిమితే ఇంకా నల్లా రాలే అనే తెలుస్తది.

మ్యాపు పేజీ లేదు.
చించుకపోయినోడెవడో నాకెరుకే,
పంక్చరు దుకాణంల పనిచేసే పిలగాడు.
వాడి గోడకు అది ఉన్నదట,
గాలిమర పక్కన, గ్రీసు మరకలతోని.
అడగలే నేను.

ఇగ నడిమిట్ల ఫొటో.
తెల్లదనం తప్ప ఇంకేం లేని బొమ్మ.
దాని మీద బొటనవేలి ముద్ర, నల్లగ, గీతలు లెక్కబెట్టొచ్చు.
ఓదెలుది.
పొద్దుగాల షిఫ్టు అయినంక తానం చెయ్యకముందే
నేరుగ ఇటే వచ్చేటోడు, కుర్చీ మురికైతదని
గడపల గొంతుకూసుని చదివేటోడు.
పక్కన పెన్సిలుతో:

"అక్కా, లెక్కేసిన.
ఇరవై ఆరేండ్లల్ల నేను బాయిలకు దిగిన దూరం
నీ కొండకు ఎన్నో అంతలైతది.
లోపట జెండా పాతే జాగ దొరకలే.
అది గాదు నేను చెప్పొచ్చేది.
భయమైంది అని రాసినవ్ చూడు, అంత ఎత్తుకు పోయి కూడా,
ఆ మాట నేను ఇంట్ల ఎన్నడూ చెప్పలే.
నిన్న చెప్పిన.
మా ఆమె అన్నం పెట్టుకుంట,
నాకెప్పటి సంధో తెలుసు అన్నది."

రబ్బరు ఆనిచ్చి చూసిన ఒక మూలకు.
బొగ్గు పోతలేదు,
మంచు లేస్తున్నది.

తనిఖీ సారు మంగళవారం వచ్చిండు.
స్టాకు రిజిస్టరు మీద వేలు పెట్టి
ఈ నంబరు పుస్తకమేదన్నడు.
బయటికి పోయింది సార్ అన్న.
ఎవరికన్నడు.
చూపించిన. నా పేరే, నా సంతకమే,
సిరా ఆరలే ఇంకా.
గడువు పదిహేను రోజులు.
దాటితే జుర్మానా కడత.