బంతి తెచ్చే పడవ

కొంచెం జరగండి.
ఈ మెట్టు మీద ఇంకొకరికి చోటుంటుందని
చేపల ఫ్యాక్టరీలో హెర్‌బోర్గ్ చెప్పింది.

నా పేరు రన్‌వా.
పేరు చెబితే మీకు తెలీదు,
నారింజరంగు వానకోటు అంటే తెలుస్తుంది.
గోల్‌పోస్టు వెనక, బండరాళ్ళకవతల,
పన్నెండేళ్ళు మీరు చూసీ చూడని చుక్కని నేను.
గాలి ఎత్తుకెళ్ళిన ప్రతి బంతినీ
సముద్రం చేతిలోంచి లాక్కొచ్చి
మీ ఆట మీకు అప్పజెప్పినదాన్ని.
జీతం: డీజిలు ఖర్చు, ఒక వేడి సాసేజి.

కొత్తవాళ్ళొస్తే
మొదట చూసిన గోల్ గురించి చెప్పమంటారట.
టుమ్మాస్ తాత వాళ్ళ నాన్న భుజాల మీంచి చూశాడట.
నేనేం చెప్పను?
గోల్ చూడలేదు.
గోల విన్నాను.

మనవాళ్ళు కొడితే
కొండవాలున నిలిపిన కార్లన్నీ ఒక్కసారిగా హారన్ కొడతాయి,
గొర్రెలు బెదిరి పైకి పరిగెడతాయి.
అవతలివాళ్ళు కొడితే
సముద్రపక్షులు మాత్రమే మాట్లాడతాయి.
ఎన్ని హారన్లు, ఎన్నిసార్లు పక్షులు,
అదే నా స్కోరు.
మంచు కమ్మిన రోజుల్లో
మీకన్నా నాకే సరిగ్గా తెలిసేది, నమ్మండి.

జట్టులో ఉన్నట్టా లేనట్టా అంటే
ఆటలో అరటిపండునే.
అయినా బంతి బరువు
మీలో ఎవరికన్నా నాకు బాగా తెలుసు.
ఉప్పునీళ్ళు తాగిన బంతి
అలిగి ఎత్తుకోనివ్వని పసిపిల్లలా బరువెక్కుతుంది.
ఒళ్ళో పెట్టుకుని తుడిచేదాన్ని.
కుట్టు పిగిలినచోట బొటనవేలు ఆనించి
ఏ కాలు దీన్నింత కసిగా తన్నిందో అనుకునేదాన్ని.

ఒక మాట కడుపులో పెట్టుకుని
మీ పక్కన కూర్చోలేను.
నాలుగేళ్ళ కిందట, పక్క దీవివాళ్ళతో.
మనం ఒకటి, వాళ్ళు సున్నా.
ఇంకా ఆరు నిమిషాలు.
ఉన్న మూడు బంతులూ నీళ్ళలోనే.
మోటారు ఆగిపోయిందని అరిచాను.
ఆగలేదు.
ఆపాను.
తెడ్డు తీసి, సూపు కలిపినంత నెమ్మదిగా వేశాను.
రిఫరీ ఒడ్డున నిలబడి గడియారం చూపిస్తుంటే
పలకరించాడనుకున్నట్టు చెయ్యూపాను.
ఆగిన సమయమంతా కలిపి ఇచ్చాడు, నిజమే.
అప్పటికే ఆ కుర్రాళ్ళ కాళ్ళు చలికి కొయ్యబారాయి.
గెలిచాక మీరు గోల్‌కీపర్ ఎయ్‌డున్‌కి
గొర్రెపిల్లని బహుమతిచ్చారు.
తప్పులేదు, బాగా ఆపాడు.
నేనూ ఆపాను.

ఈ వసంతంలో మునిసిపాలిటీవాళ్ళు
నాలుగు నిలువుల ఎత్తు వల కట్టించారు.
మంచిదే. నా మోకాళ్ళకీ మంచిదే.
పడవ బోర్లించి తారు పూశాను.
మొదటి శనివారం ఇంట్లోనే ఉన్నాను.
కిటికీలోంచి హారన్లు వినబడ్డాయి,
పక్షులు వినబడలేదు.
సగం స్కోరుతో ఎలా నిద్రపోను?

అందుకని వచ్చాను.
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలీదు.
ఇవాళే చెప్పకండి.
మీ పాటల్లో పల్లవి దాకా వచ్చు,
మిగతాది గాలి మింగేసేది.
ఫ్లాస్కులో కాఫీ ఉంది, ఆరుగురికి సరిపోతుంది,
ఏడోవారు మూతలో తాగాలి.
ఆ పదో నంబరు కుర్రాడేనా రోజూ నాకు పని పెట్టినవాడు?
ఇంత చిన్నవాడా!
వాడి తన్నులు చూసి
గడ్డం ఉంటుందనుకున్నాను.

అయ్యో,
వల మీంచి కూడా పోయింది చూశారా!
మీరంతా రిఫరీని తిడుతున్నారు.
నేనొక్కదాన్నే లేచి నిలబడ్డాను,
చెయ్యి జేబులో తాళంచెవిని వెతుకుతోంది.

వెనక మెట్టు మీంచి టుమ్మాస్ తాత గొంతు:
"కూర్చో రన్‌వా, ఆట కనబడ్డంలేదు."

కూర్చున్నాను.
పాటు మొదలైంది.
ఇంకో పావుగంటకి బంతి రేవు మలుపు దగ్గర,
పాత ఐసు గోదాం కింద తేలుతుంది.
ఎవరూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.